వేడర్ నిజంగా అనకిన్‌ని చంపాడా? ఒకే డైలాగ్, 45 ఏళ్లు, ఐదు అర్థాలు



ముందుగా ఒకటి ఒప్పుకుంటా. నేను స్టార్ వార్స్ సినిమాల్ని తప్పు ఆర్డర్‌లో చూశాను. బీటెక్ సెకండియర్, హాస్టల్ రూమ్, సీనియర్ ఇచ్చిన హార్డ్ డిస్క్. అందులో ఆరు ఫైల్స్, పేర్ల ముందు ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు. ఇంజనీరింగ్ స్టూడెంట్స్‌మి కదా, నంబర్ ఉంటే ఒకటి నుంచే మొదలుపెడతాం. అలా నాలుగు చూసేసి ఐదో దానికి వచ్చాను. అందులో నల్ల మాస్క్ వేసుకున్న డార్త్ వేడర్, హీరో ల్యూక్ స్కైవాకర్‌తో నీ తండ్రిని నేనే అని చెప్తాడు. సినిమా చరిత్రలో అందరికీ గుర్తుండిపోయిన ట్విస్ట్ అది. నేనేమో చిప్స్ తింటూ "తెలుసు కదా, ఇందులో ఏముంది" అనుకున్నా.

మొదటి మూడు సినిమాలకీ నిద్రపోయి, నాలుగో దానికి లేచిన మా రూమ్మేట్ మాత్రం "ఏంట్రా ఇది!" అని మంచం మీద లేచి కూర్చున్నాడు. ఒకే సీన్, ఒకే ల్యాప్‌టాప్. ఇద్దరం చూసింది మాత్రం వేరే వేరే కథలు.

ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది అనేదే ఈరోజు ఎపిసోడ్. ప్రీక్వెల్ అంటే పాత కథకి ముందు జరిగింది చెప్పడం అని మనం అనుకుంటాం. కానీ అది వెనక్కి వెళ్లి పాత సీన్ల అర్థాన్ని కూడా మార్చేస్తుంది. దీన్ని మనం ఒకే ఒక్క డైలాగ్ పట్టుకుని చూద్దాం. ల్యూక్ తండ్రిని వేడర్ చంపేశాడని, ముసలి జెడై ఒబీ-వాన్ కెనోబీ ల్యూక్‌కి చెప్పే మాట. అది మొదటిసారి థియేటర్లో వినిపించింది 1977 మే 25న. అప్పటి నుంచి 2022 వరకు ఆ ఒక్క మాటకి అర్థం మారుతూనే ఉంది.

స్పాయిలర్ వార్నింగ్ ఇవ్వాలా? ఇచ్చేశాను అనుకోండి.

1977: అది నిజం

మొదటి సినిమాలో వేడర్ ఎవరు? ఇప్పుడున్న ఇమేజ్ అంతా కాసేపు పక్కన పెట్టి చూడండి. అందులో అతను టాప్ విలన్ కూడా కాదు. గవర్నర్ టార్కిన్ కింద పనిచేస్తాడు. టార్కిన్ ఆపమంటే ఆపేస్తాడు. మీటింగ్‌లో ఒక ఆఫీసర్ అతని నమ్మకాల్ని మొహం మీదే వెక్కిరిస్తాడు. (తర్వాత ఆ ఆఫీసర్ గొంతుకి ఏమైందో తెలుసు కదా.) భయపెట్టే మనిషే, కానీ గతం లేని మనిషి. అసలు అనకిన్ అనే పేరు ఆ సినిమాలో ఎక్కడా వినిపించదు.

"లూకస్ మొదటి నుంచీ వేడరే తండ్రి అని ప్లాన్ చేశాడు, డచ్ భాషలో వేడర్ అంటే తండ్రి కదా" అని చాలామంది చెప్తారు. డచ్‌లో ఆ స్పెల్లింగ్ ఉన్న మాటకి తండ్రి అనే అర్థం, అది నిజమే. కానీ ప్లాన్ సంగతి అలా లేదు. 1974 నాటి మొదటి డ్రాఫ్ట్‌లో డార్త్ వేడర్ అంటే ఒక జనరల్, మామూలు మనిషి. ఆ ఫేమస్ మాస్క్ కూడా విషాద కథ కోసం పుట్టింది కాదు. ఆర్టిస్ట్ రాల్ఫ్ మెక్వారీ బొమ్మలు గీస్తున్నప్పుడు, వేడర్ ఒక స్పేస్‌షిప్ నుంచి ఇంకో షిప్‌లోకి రావాలి, మధ్యలో గాలి ఉండదు, మరి ఊపిరి ఎలా అని ఆలోచించి మాస్క్ పెట్టాడు. అంతే.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలా? సినిమా రిలీజైన ఆ ఏడాదే రోలింగ్ స్టోన్ పత్రికకి లూకస్ ఇంటర్వ్యూ ఇచ్చాడు. వెనక కథ ఏంటని అడిగితే వివరంగా చెప్పాడు. ఒబీ-వాన్‌తో పోరాటంలో వేడర్ అగ్నిపర్వతం గోతిలో పడి కాలిపోయాడు, అందుకే ఆ సూట్, ఆ మాస్క్ అన్నాడు. అంటే 2005లో మనం చూసిన లావా ఫైట్‌కి విత్తనం 1977లోనే ఉంది. కానీ అదే ఇంటర్వ్యూలో, ల్యూక్ తండ్రిని వేడర్ చంపాడని కూడా అన్నాడు. లావా అప్పటికే ఉంది. తండ్రి మాత్రం ఇంకా వేరే మనిషే.

సో, మొదటి వెర్షన్‌లో ఒబీ-వాన్ చెప్పింది పచ్చి నిజం. ఒక హంతకుడు, ఒక హతుడు. ఇద్దరు మనుషులు.

1980: అది అబద్ధం

రెండో సినిమా "ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్"కి మొదటి డ్రాఫ్ట్ రాసింది లీ బ్రాకెట్ అనే సీనియర్ రచయిత్రి. ఆ డ్రాఫ్ట్‌లో ల్యూక్ తండ్రి ఆత్మగా కనిపించి కొడుకుతో మాట్లాడతాడు. వేడర్ మాత్రం వేరే మనిషి. 1978 మార్చిలో ఆమె చనిపోయారు. తర్వాతి డ్రాఫ్ట్ లూకస్ తనే రాశాడు. అక్కడే ఆ ఇద్దరు ఒక్కరయ్యారు.

ఆ సీక్రెట్‌ని కాపాడిన తీరు చూడండి. షూటింగ్‌లో సూట్ లోపల ఉన్న డేవిడ్ ప్రౌజ్‌కి వేరే డైలాగ్ ఇచ్చారు. ఒబీ-వానే నీ తండ్రిని చంపాడు అన్నట్టుగా. ల్యూక్‌గా చేసిన మార్క్ హామిల్‌కి అసలు విషయం షాట్‌కి కాస్త ముందే చెప్పారు. నిజమైన మాట తర్వాత డబ్బింగ్‌లో జేమ్స్ ఎర్ల్ జోన్స్ చెప్పాడు. ఆ డైలాగ్ పేపర్ మీద చూసినప్పుడు వేడర్ అబద్ధం చెప్తున్నాడనే అనుకున్నానని, జోన్స్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. గొంతు ఇచ్చిన మనిషికే నమ్మకం లేదు!

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని మనం రెండేళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నాం కదా. వాళ్లు మూడేళ్లు కొట్టుకున్నారు. వేడర్ నిజం చెప్తున్నాడా, లేదా అని. ఎందుకంటే వేడర్ మాట నిజమైతే ఒబీ-వాన్ మాట అబద్ధం. సినిమాలో అందరికన్నా మంచివాడైన గురువు, తండ్రి లేని పిల్లాడికి అబద్ధం చెప్పాడు. ఆ పాత సీన్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా మారలేదు. కానీ 1980 తర్వాత దాన్ని చూస్తే, జవాబు చెప్పే ముందు ఒబీ-వాన్ ఇచ్చే ఆ చిన్న గ్యాప్ తడబాటులా కనిపిస్తుంది. నటుడు అలెక్ గిన్నిస్ అది చేసినప్పుడు ఈ ట్విస్ట్ స్క్రిప్ట్‌లోనే లేదు. తడబాటు మనం పెట్టుకున్నదే.

1983: అది సర్దుబాటు

మూడో సినిమా "రిటర్న్ ఆఫ్ ది జెడై"లో ల్యూక్ నేరుగా నిలదీస్తాడు. నాకెందుకు అబద్ధం చెప్పావ్ అని. అప్పుడు ఒబీ-వాన్ ఆత్మ, నీ తండ్రి చెడుదారిలోకి వెళ్లి డార్త్ వేడర్ అయిన రోజే ఆ మంచి మనిషి నాశనమైపోయాడు, కాబట్టి ఒక కోణం నుంచి చూస్తే నేను చెప్పింది నిజమే అంటాడు. అనకిన్ అనే పేరు సినిమాలో మొదటిసారి వినిపించేది కూడా ఇక్కడే.

కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రొడక్షన్‌లో బగ్ బయటపడింది, పాత కోడ్ మార్చలేం, సో డాక్యుమెంటేషన్ మార్చి "ఇది బగ్ కాదు, ఫీచర్" అన్నాం. నిజం చెప్పాలంటే అప్పట్లో ఇది అంతకన్నా పెద్ద విషయం కాదు. కానీ లూకస్ ఈ సాకుని వదిలేయలేదు. పదహారేళ్ల తర్వాత దీని మీదే మూడు సినిమాలు కట్టాడు.

1999 నుంచి 2005: ప్రీక్వెల్స్ ఏం చేశాయి?

1999లో "ది ఫాంటమ్ మెనేస్" వచ్చినప్పుడు జనం షాక్ అవ్వడానికి మెయిన్ కారణం సింపుల్. డార్త్ వేడర్ చిన్నప్పటి కథ అంటే అందరూ ఒక చీకటి పిల్లాడిని ఊహించుకున్నారు. వచ్చింది తొమ్మిదేళ్ల ముద్దు పిల్లాడు. నవ్వుతాడు, రేసింగ్ చేస్తాడు, ఎవరికైనా సాయం చేస్తాడు. అతనూ, వాళ్ల అమ్మ ష్మీ బానిసలు. జెడైలు వచ్చి అతన్ని విడిపించి తీసుకెళ్తారు. అమ్మని మాత్రం అక్కడే బానిసగా వదిలేస్తారు.

నా దృష్టిలో మొత్తం ప్రీక్వెల్స్‌లో అతి ముఖ్యమైన విషయం ఇదే. మిడిక్లోరియన్లు, జోస్యాలు, సెనేట్ మీటింగులు అన్నీ పక్కన పెట్టండి. ఒక పిల్లాడు అమ్మని వదిలి వెళ్తున్నాడు. వెనక్కి తిరిగి చూడొద్దని అమ్మే చెప్పి పంపుతుంది. అంతే.

పదేళ్ల తర్వాత, 2002లో వచ్చిన "అటాక్ ఆఫ్ ది క్లోన్స్"లో అతనికి అమ్మ బాధపడుతున్నట్టు కలలు వస్తాయి. వెళ్తాడు. లేట్ అయిపోతుంది. అమ్మ అతని చేతుల్లోనే ప్రాణం వదులుతుంది. ఆ కోపంలో అక్కడున్న టస్కెన్ గుంపు మొత్తాన్ని, ఆడవాళ్లూ పిల్లలతో సహా చంపేస్తాడు. ఇంకో మూడేళ్లకి, అంటే 2005 నాటి "రివెంజ్ ఆఫ్ ది సిత్"లో, మళ్లీ కలలు మొదలవుతాయి. ఈసారి గర్భవతి అయిన భార్య పాడ్మే కాన్పులో చనిపోతున్నట్టు.

ఇక్కడ మేకింగ్ విషయం ఒకటి చెప్పాలి. 2003లో సిడ్నీలో షూటింగ్ అయ్యేటప్పటికి అనకిన్ మారిపోవడానికి కారణాలు చాలా కలగలిసి ఉన్నాయి. జెడైలు కుట్ర చేస్తున్నారన్న అనుమానం, అధికారం మీద ఆశ, ఇలా. ఎడిటింగ్‌లో లూకస్‌కి అది సరిపోలేదు. 2004లో కొన్ని సీన్లు మళ్లీ తీసి, పాడ్మేని కాపాడుకోవాలన్న భయాన్ని అసలు కారణంగా ముందుకు తెచ్చాడు. అంటే సినిమా చరిత్రలో అంత పెద్ద విలన్ ఎందుకు విలన్ అయ్యాడన్న ప్రశ్నకి ఫైనల్ జవాబు ఎడిటింగ్ రూమ్‌లో తేలింది. ఆ జవాబు ఏంటంటే, భయం. ప్రపంచాన్ని ఏలాలన్న కోరిక దాని తర్వాతే.

చాలామందికి ఇది నచ్చలేదు. "ఇంతేనా? ఒక కల వచ్చిందని చిన్నపిల్లల్ని చంపేస్తాడా?" అని. మొదటిసారి చూసినప్పుడు నేనూ అదే అన్నా. నా అభిప్రాయం మారింది 2021లో.

సెకండ్ వేవ్. నాన్న ఆక్సిజన్ మీద ఉన్నారు. ఒక ఇంజెక్షన్ కావాలన్నారు, ఎక్కడా లేదు. రాత్రి రెండింటికి వాట్సాప్ ఫార్వర్డ్‌లో ఒక నంబర్ దొరికింది. అవతలి మనిషి చాలా ప్రశాంతంగా మాట్లాడాడు. నాకు అర్థమైంది బాస్, మీ నాన్నకి ఏం కాదు, ముందు డబ్బులు పంపండి అన్నాడు. నేను రోజూ సెక్యూరిటీ ట్రైనింగుల్లో ఇలాంటి మోసాల గురించి క్లిక్ క్లిక్ కొట్టి పాసైన మనిషిని. అయినా పద్దెనిమిది వేలు పంపేశాను. ఇంజెక్షన్ రాలేదు. నాన్న వేరే విధంగా కోలుకున్నారు. ఇప్పుడు బాగున్నారు, ఈ ఎపిసోడ్ కూడా చూస్తారు. హాయ్ నాన్నా.

తర్వాత ఆ సినిమా మళ్లీ చూశాను. చావబోయే మనిషిని ఆపగల విద్య ఒకటి ఉందని, ఆపెరాలో కూర్చుని పాల్పటీన్ మెల్లగా ఒక కథ చెప్తాడు. ఆ గొంతు నాకు తెలుసు. నాకు ఫోన్‌లో వినిపించిన గొంతు అదే. అంతకుముందు అనకిన్ తన భయం గురించి యోడా దగ్గరికి కూడా వెళ్తాడు, గుర్తుందా? పోగొట్టుకుంటావని భయపడే ప్రతిదాన్నీ వదులుకోవడం నేర్చుకో అంటాడు యోడా. తత్వంగా కరెక్టే. కానీ అమ్మని అలాగే పోగొట్టుకున్న కుర్రాడికి, అర్ధరాత్రి చెమటలు పట్టి లేస్తున్నవాడికి, ఆ మాట ఏం పనికొస్తుంది? భార్య ఉందన్న సంగతి కూడా అతను బయటికి చెప్పుకోలేడు, ఎందుకంటే జెడైలకి పెళ్లి నిషేధం. మంచివాళ్లు సూత్రం చెప్పారు, చెడ్డవాడు కూర్చోబెట్టి విన్నాడు. అనకిన్ ఎటు వెళ్తాడు?

అయితే సినిమా అతన్ని అక్కడితో వదలదు. గుడిలోకి వెళ్లి పిల్లల్ని చంపేది అతనే. ముస్తఫార్ గ్రహం మీద, ఎవరిని కాపాడాలని ఇదంతా చేశాడో ఆ పాడ్మే గొంతు నొక్కేది కూడా అతనే. ఆ కల నిజమవడానికి కారణం తనే అవుతాడు.

ఇప్పుడు మన డైలాగ్ దగ్గరికి రండి. వేడర్ అనకిన్‌ని చంపాడు. 2005 తర్వాత 1977 సీన్ చూస్తే, ఒబీ-వాన్ ఇప్పుడు అబద్ధాలకోరు కాదు. తమ్ముడిలా పెంచిన కుర్రాడు కాళ్లూచేతులూ తెగి, లావా పక్కన కాలిపోతుంటే, చంపలేక, కాపాడలేక వెనక్కి తిరిగి నడిచి వచ్చిన మనిషి. ఆ తడబాటు ఇప్పుడు ఏడుపు. అలెక్ గిన్నిస్ 2000లోనే చనిపోయాడు, అంటే ఈ సినిమా చూడనేలేదు. అయినా ఆయన నటనకి ఇంత బరువు వెనక నుంచి వచ్చి చేరింది. ప్రీక్వెల్ చేయగలిగిన గొప్ప పని ఇది.

దానికి కట్టిన ధర

ఇంత గొప్ప పని ఫ్రీగా రాదు కదా. మొదటి ధర నేను హాస్టల్‌లో కట్టాను, ట్విస్ట్ పోయింది. రెండోది, చిన్న చిన్న బగ్స్. 1983లో లీయా, అమ్మ నాకు లీలగా గుర్తుంది అంటుంది. 2005లో చూస్తే ఆ అమ్మ కాన్పులోనే పోయింది.

మూడోది పెద్దది. 2004 డీవీడీలో లూకస్ పాత సినిమాల్నే మార్చాడు. 1983 క్లైమాక్స్‌లో వేడర్ కొడుకుని కాపాడి, మాస్క్ తీసి చనిపోతాడు. చివర్లో అతని ఆత్మ కనిపిస్తుంది. ఒరిజినల్‌లో అది సెబాస్టియన్ షా అనే పెద్దాయన, ముడతల మొహం, చిన్న చిరునవ్వు. 2004 నుంచి ఆ ప్లేస్‌లో ప్రీక్వెల్స్ హీరో హేడెన్ క్రిస్టెన్‌సెన్, యువకుడు. ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే ఇది ప్యాచ్ కాదు, మెయిన్ బ్రాంచ్ మీద ఫోర్స్ పుష్. పాత హిస్టరీ పోయింది. 2006లో ఒరిజినల్ వెర్షన్లని డీవీడీల్లో బోనస్ డిస్క్‌గా ఇచ్చారు, అదీ పాత లేజర్‌డిస్క్ క్వాలిటీలో.

మొహం మారితే ఏమైంది అంటారా? అర్థం మొత్తం మారింది. పెద్దాయన మొహం ఏం చెప్తుందంటే, ఈ మనిషి ఆ పాపాలన్నీ చేశాడు, ఆ ఏళ్లన్నీ మోశాడు, చివర్లో ఒక్క మంచి పని చేసి, ఆ ముడతలతోనే మన ముందు నిలబడ్డాడు. కుర్రాడి మొహం చెప్పేది వేరు. పాపాలు చేసింది వేడర్, ఇతను ఆ ముందు చనిపోయిన మంచి అనకిన్, పాత సేవ్ ఫైల్ లోడ్ అయింది. అంటే ఒబీ-వాన్ సాకుని సినిమా అక్షరాలా నమ్మేసింది. నేను ఒప్పుకోను. మూడు సినిమాలు కష్టపడి చూపించింది ఏంటి? ఇద్దరు లేరు, ఒక్కడే ఉన్నాడు, ఒక్కో అడుగూ వాడే వేశాడు అని. అది చూపించాక వాడికి కొత్త మొహం ఇవ్వడం, సొంత ప్రీక్వెల్స్‌ని తనే నమ్మకపోవడం లాంటిది.

2022: వేడర్ నోటితో

చివరి స్టాప్. 2022లో వచ్చిన "ఒబీ-వాన్ కెనోబీ" సిరీస్ ఆఖరి ఎపిసోడ్. ఫైట్‌లో వేడర్ మాస్క్ సగం పగిలి లోపల సగం మొహం కనిపిస్తుంది. ఒబీ-వాన్ ఏడుస్తూ సారీ చెప్తాడు. అప్పుడు వేడర్, అనకిన్‌ని చంపింది నువ్వు కాదు, నేనే అంటాడు. అంటే మన డైలాగ్! 1977లో ఒబీ-వాన్ ల్యూక్‌కి చెప్పింది తను కల్పించిన మాట కాదు, వేడర్ దగ్గరే విన్న మాట అని తేలింది. ఆ సీన్ చివర్లో ఒబీ-వాన్ అతన్ని డార్త్ అని పిలిచి వెళ్లిపోతాడు. 1977లో కూడా అలాగే పిలుస్తాడు, అప్పట్లో అది పేరులా ఉండేది. 1999లో డార్త్ మాల్ వచ్చాక అది బిరుదైపోయింది, పాత సీన్ వింతగా వినిపించేది. 45 ఏళ్ల తర్వాత ఆ బగ్ కూడా క్లోజ్.

ఆ సీన్ అందరూ వేడర్ గర్వం అనుకుంటారు. నాకు అలా అనిపించలేదు. సగం మాస్క్ నుంచి అనకిన్ గొంతు, మిగతా సగం నుంచి వేడర్ గొంతు కలిసి వస్తాయి. అనకిన్ చచ్చిపోయాడని చెప్తున్నది ఎవరు మరి? అనకినే. బతికి ఉండి, నేను లేను అనడం. చేసినదాన్ని మోయలేని మనిషి, అది చేసింది వేరేవాడు అని చెప్పుకోవడం. నిజం, అబద్ధం, సర్దుబాటు, ఏడుపు, చివరికి వేడర్ సొంత ఊరట. ఐదు అర్థాలు.

సో ఏ ఆర్డర్‌లో చూడాలి? మీరు మొదటిసారి చూస్తుంటే రిలీజ్ ఆర్డరే. 1977, 80, 83, తర్వాత ప్రీక్వెల్స్. ముందు మా రూమ్మేట్‌లా లేచి కూర్చోండి. ఆ తర్వాత మళ్లీ 1977కి వెళ్లి, ఆ ముసలాయన జవాబు చెప్పే ముందు తీసుకునే ఆ ఒక్క క్షణం చూడండి.

చూశాక, ఆ క్షణంలో మీకు ఏం కనిపించిందో కింద రాయండి. నేను చదువుతా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.